అక్రోకోరింథ్ ఖిలా ఎవరిది?

గ్రీస్‌లో పాత కోరింథ్ ఊరి పక్కన 575 మీటర్ల ఎత్తు రాతిగుట్ట మీద ఉంది అక్రోకోరింథ్ ఖిలా. ఒకదాని వెనక ఒకటి మూడు దర్వాజాలు దాటితేగాని లోపలికి పోలేం. పెలొపొనీస్‌లోకి నేల మీద పోవాలంటే ఇక్కడి సన్నటి భూసంధి ఒక్కటే దారి. ఆ దారిని కాపు కాసే గుట్ట కాబట్టి ప్రతి హుకూమత్ కన్నూ దీని మీదే.

శిఖరం మీద ఒకప్పుడు అఫ్రోడైటీ గుడి ఉండేది. బైజంటైన్లు గోడలు లేపారు. ఏళ్ల తరబడి ముట్టడించి 1210లో ఫ్రాంకులు పట్టుకున్నారు. 1458లో సుల్తాన్ మెహ్మద్ ఫాతెహ్ ఫౌజు వచ్చింది. 1687లో వెనిస్ వాళ్లు, 1715లో మళ్లీ ఉస్మానియాలు. ఇప్పుడు కూలిన ఇళ్ల మధ్య ఒక చిన్న మసీదు, ఒక మొండి మీనార్ మిగిలాయి.

ఆ మసీదు ఫొటో చూడగానే దిల్ 'మనదే' అంటుంది. ఎప్పటి బాద్‌షాల లెక్కలో మన దగ్గర అడిగే ముల్కులో పుట్టినోళ్లం. ఎక్కడన్నా మీనార్ కనిపిస్తే ఫఖర్ పడాలా, సంజాయిషీ ఇవ్వాలా అన్న పరేషానీ మనకు తప్పదు.

తవారీఖ్ చదివితే ఆ ఫఖర్ నిలవదు. 1715లో సులహ్ మాటలు నడుస్తుండగా ఖిలాలో బారూద్ పేలింది. దాంతో ఉస్మానీ ఫౌజు లోపలున్న సిపాయిలనూ, ఊరి జనాన్నీ ఖతల్ చేసింది. మిగిలినోళ్లను గులాములుగా తీసుకుపోయింది. 1821లో గ్రీకులు బగావత్ చేసినప్పుడు ఇదే ద్వీపకల్పంలోని త్రిపోలిత్సాలో వేల మంది ముస్లింలను, యూదులను చంపారు. ఔరతులనూ, పసిపిల్లలనూ వదల్లేదు. 1823లో అక్రోకోరింథ్ పూర్తిగా గ్రీకుల చేతికొచ్చింది. పుష్తుల తరబడి అక్కడే పుట్టి, పెరిగి, దఫన్ అయిన ముస్లింల బస్తీలు లేకుండా పోయాయి.

ఈ రెండు ఖతల్లలో ఒక్కదాన్నే యాద్ పెట్టుకుని రెండోదాన్ని మరిచిపోవడం ఎవరికైనా ఆసానే. కానీ అది ఇన్సాఫ్ కాదు. మన మజ్లూములకు ఏడ్చే హక్కు మనకు ఉండాలంటే, మన పేరుతో జరిగిన జుల్మ్‌ను జుల్మ్ అనాల్సిందే. అట్లాగని మూడొందల ఏళ్ల కిందటి వజీర్ చేసినదానికి ఇవాళ్టి ముసల్మాన్ జవాబ్‌దార్ కాడు. త్రిపోలిత్సాకు ఇవాళ్టి గ్రీకు కుర్రాడూ కాడు.

ఖిలా లోపల నేల కింద పిరీనీ అనే ఊట ఉంది. ముట్టడి రోజుల్లో అందరికీ నీళ్లే ఆసరా. తాగినోళ్ల పేర్లు ఎవరూ రాయలేదు. దువా చేస్తే నేను ఆ పేర్లు లేనివాళ్లందరి కోసం చేస్తాను.