నీ నోటీసు చదివాను బావా

ఏరా బావా,

నీ లాయరు పంపిన నోటీసు చదివి చెప్పింది నేనే. ఇంగ్లీషులో ఉందిగా, తాటిపాక సెంటర్లో ఇద్దరు ముగ్గురికి చూపించి, చివరికి మా అరుగు మీదికే తెచ్చాడు మీ ఇంట్లో అద్దెకున్నాయన. రేషన్ కార్డు దాచుకునే ప్లాస్టిక్ కవర్లో పెట్టి మరీ తెచ్చాడు. "ఆయ్, ఏదో కోర్టు కాగితంలా ఉందండీ, ఓసారి చూడండి" అన్నాడు. వాళ్ళావిడ మెట్టు దగ్గరే నిలబడిపోయింది, లోపలికి రమ్మన్నా రాలేదు. అనుమతి లేకుండా ముగ్గురిని ఉంచుకున్నారు కాబట్టి వారం రోజుల్లో ఇల్లు ఖాళీ చెయ్యాలని ఉందమ్మా అని చెప్పేసరికి, ఆవిడ అడిగిన మొదటి మాటేంటో తెలుసా? "పిల్లలు కూడా లెక్కేనా అండీ?"

నువ్విప్పుడు ఏమంటావో నాకు తెలుసు. "నీకు అందరి మీదా జాలే, అదీ పక్కవాడి ఇంటి మీద" అంటావు. అనుకో. నిక్కర్ల రోజుల నుంచీ అంటూనే ఉన్నావు, నేనేమైనా మారానా?

ఆ ముగ్గురూ ఎవరో నీకు ఫోన్లో మోసినవాళ్ళు చెప్పి ఉండరు. ఒకరు వాళ్ళావిడ తల్లి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది చూడు, అప్పుడు లంకలో ఆవిడ ఇల్లు నాని నాని గోడ కూలింది. మిగతా ఇద్దరూ వాళ్ళావిడ అక్క పిల్లలు. అక్క కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళింది. మన కోనసీమలో ఇదేమన్నా వింతా? అమ్మ గల్ఫ్‌లో, పిల్లలు అమ్మమ్మ దగ్గర, ఇలాంటి ఇల్లు లేని వీధి ఒకటి చూపించు. అద్దెకున్నాయన కొబ్బరి దింపు తీసే మనిషి, చెట్టెక్కితేనే కూలి. అయినా అద్దె ఏ నెలా ఆగలేదని సంక్రాంతికి వచ్చినప్పుడు నువ్వే మెచ్చుకున్నావు.

మనుషులు పెరిగితే మోటారు ఎక్కువ తిరుగుతుంది, సెప్టిక్ ట్యాంకు తొందరగా నిండుతుంది, నిజమే. ఆ ఖర్చు అడుగు, ఇస్తారు. కానీ నీ అసలు భయం అది కాదు. పన్నెండేళ్ళు కూర్చుంటే ఇల్లు వాళ్ళదైపోతుందని ఎవరో నీ చెవిలో వేశారు. బావా, ఆ పన్నెండేళ్ళ లెక్క ఇల్లు నాదేనని ఓనరుకి ఎదురు తిరిగి కూర్చున్నవాడికి. అద్దెకని వచ్చి, అద్దె కడుతూ ఉన్నవాడు ఓనరు హక్కునే కాదనడానికి 1872 నాటి సాక్ష్య చట్టమూ ఒప్పుకోలేదు, దాని బదులు 2023లో తెచ్చిన కొత్త చట్టమూ ఒప్పుకోదు.

ఇక ఆ వారం గడువు. పదకొండు నెలల అగ్రిమెంటు ఎప్పుడో అయిపోయింది, నువ్వు నెలనెలా అద్దె తీసుకుంటూనే ఉన్నావు. అలాంటప్పుడు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వాలి. ఆ తరవాత కూడా కదలకపోతే కోర్టుకెళ్ళాలి గానీ, మీ బావమరిది అన్నట్టు తాళం మార్చెయ్యడం, కరెంటు పీకెయ్యడం కుదరదు. అలా బయటికి గెంటితే ఆరు నెలల్లోపు దావా వేసి మళ్ళీ లోపలికి రావచ్చు. ఇంకొకరికి అద్దెకివ్వకూడదని అగ్రిమెంటులో ఉందంటావా? ఉంది, నేనూ చూశాను. అత్తగారికి అన్నం పెట్టడం అద్దెకివ్వడమా? 1988లో జగన్నాథ్, చందర్ భాన్ కేసులో సుప్రీంకోర్టు ఏమందంటే, అద్దెకున్నవాడు ఇంటి మీద తన అధికారం పూర్తిగా వదులుకుని వేరేవాళ్ళ చేతిలో పెడితేనే తప్పట. అక్కడ తండ్రి అద్దెకు తీసుకున్న చోట కొడుకులు వ్యాపారం చేసుకుంటున్నారు, దాన్నే తప్పనలేదు.

చట్టం సంగతి అలా ఉంచు. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుంది, గుర్తుందా? 65 రోజులు మండింది. మీ పిన్నీవాళ్ళు మూటలతో మీ ఇంటికొచ్చి పడ్డారు. మీరప్పుడు ఉన్నది అద్దింట్లోనే కదరా. రెండు గదులు, వసారా. మనిద్దరం వసారాలో చాప మీద పడుకుని, రాత్రి ఎర్రబడ్డ ఆకాశం చూసేవాళ్ళం. ఓనరు మామ్మగారు ఏం చేశారు? అటక మీంచి గుండిగ దింపించి, "ఇంతమందికి మీ గిన్నెలు చాలవు, ఇందులో వండుకోండి" అని పంపారు. మీ అమ్మ ఆ మాట పోయేదాకా చెప్పుకుంది. అద్దె పైసా పెంచలేదు, ఎప్పుడు పోతారని అడగలేదు.

అందుకే నాకు బాధేసింది. ఇల్లు నీది, ఎవరున్నారో తెలుసుకునే హక్కు నీకుంది, కాదనను. ఎవరెవరు ఉంటారో పేర్లు రాసి కొత్త అగ్రిమెంటు చేసుకో, తెలుగులో. మోటారుకి ఇంతని వెయ్యి. ఇందాక అన్నట్టు వాళ్ళు కాదనరు. ఆ నోటీసు మాత్రం వెనక్కి తీసుకో.

ఆ అక్క పిల్లల్లో పెద్దమ్మాయి పదో తరగతి. మార్చిలో పరీక్షలు. ఖాళీ చెయ్యాల్సొస్తే పిల్లని ఏ ఊరి బళ్ళో వెయ్యాలని వాళ్ళావిడ నన్నడుగుతోంది. నేనేం చెప్పను? నువ్వే ఫోన్ చేసి చెప్పు.

ఇట్లు,
నీ బావ