పంపడం వేరు, చేరడం వేరు



డయలప్ ఇంటర్నెట్ అంటే ఇప్పుడు అందరికీ ఆ కీచు శబ్దమే గుర్తుకొస్తుంది. నలుగురు కూర్చుంటే ఎవరో ఒకరు నోటితో ఆ శబ్దం చేసి చూపిస్తారు, అందరూ నవ్వుతారు. ఆ శబ్దం వెనక పని చేసిన సాఫ్ట్‌వేర్ గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. గుడియాత్తంలో మా ఇంట్లో 1999 నుంచి ఆరేడేళ్ళు మేము దానితో కాపురం చేసినాము. అందులో సుఖమెంత, కష్టమెంత అని ఇప్పుడు నిదానంగా తూకం వేస్తే, మన సంఘానికి పనికొచ్చే మాట ఒకటి తేలింది. అందుకే ఈ పొడుగు రాత. ఓపిక పట్టి చదవండి.

ముందు కాలం సంగతి రెండు ముక్కల్లో. మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న. విదేశ్ సంచార్ నిగమ్ దాన్ని బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసులాంటి పెద్ద ఊళ్ళలో మొదలుపెట్టింది. వేలూరు నుంచి దాన్ని అందుకోవాలంటే మద్రాసుకు ఎస్టీడీ కొట్టాలి. ఎస్టీడీ బూతుల ముందర రాత్రి 11 దాటినాక పావు చార్జీ కోసం జనం వరసలో నిలబడిన కాలం అది. ఆ చార్జీతో గంటసేపు కంప్యూటరు కలిపి పెట్టుకునే శక్తి మనలాంటి ఇళ్ళకు యాడిది? 1998 నవంబరులో ప్రైవేటు కంపెనీలకు కూడా తలుపు తెరిచినారు. ఆ తర్వాతే మన వైపు ఊళ్ళలో లోకల్ కాల్ ఖర్చుతో దొరకసాగింది. మా అన్న కొడుకు అప్పటికే అమెరికా పోయి ఉన్నాడు. వాడి ఉత్తరాల కోసమే మేము కంప్యూటరు, మోడెం తెచ్చుకున్నాము.

రైల్వేలో పని చేసినవాళ్ళకు మోడెం పని వెంటనే అర్థమవుతుంది. స్టేషను మాస్టరు పక్క స్టేషనును లైన్ క్లియర్ అడుగుతాడు. అవతలివాడు ఇస్తేనే బండి కదులుతుంది. అడగకుండా బండిని తోసేయడం ఉండదు. మోడెం కూడా అంతే. అవతలి మోడెం ఫోను ఎత్తగానే 2100 హెర్ట్జ్ కూత ఒకటి వేస్తుంది. తర్వాత రెండూ బేరానికి దిగుతాయి. నీకెంత వేగం వచ్చు, ఈ లైను ఎంత మోస్తుంది అని పరీక్షించుకొని ఒక వేగానికి ఒప్పుకుంటాయి. మనం విన్న కీచులాట ఆ బేరమే. 1998లో వచ్చిన వి.90 పద్ధతిలో సెకనుకు 56,000 బిట్లు అని పెట్టె మీద అచ్చు వేసినారు. మాకు ఎండ రోజుల్లో 28,800, వాన రోజుల్లో 9,600 దొరికేది. ఎంత దొరికిందో సాఫ్ట్‌వేర్ దాచుకోకుండా తెర మీద రాసేది: కనెక్ట్ 28800. పెట్టె మీద అచ్చు వేసింది ఒకటి, చేతికొచ్చింది ఒకటి అని మనకు తెలిసేది.

దాని మొదటి సుగుణం ఈ నిజాయితీ. విండోస్ 95తో హైపర్‌టెర్మినల్ అని ఒక చిన్న ప్రోగ్రాము ఉచితంగా వచ్చేది. అందులో మోడెంకు నేరుగా ఆజ్ఞ ఇవ్వచ్చు. ఏటీడీటీ అని కొట్టి నంబరు ఇస్తే టోను పద్ధతిలో డయలు చేస్తుంది, ఏటీడీపీ అంటే పాత ఎక్స్ఛేంజీలకు పల్సు పద్ధతిలో. ఏటీహెచ్ అంటే ఫోను పెట్టేస్తుంది. జవాబు కూడా ఒక ముక్కలో వస్తుంది: బిజీ, నో ఆన్సర్, నో డయల్‌టోన్, నో క్యారియర్. విండోస్ వాడు వీటికే నంబర్లు ఇచ్చినాడు. 676 అంటే అవతల ఎంగేజ్. 678 అంటే ఎవరూ ఎత్తలేదు. 680 అంటే మన ఫోనులోనే డయల్‌టోన్ లేదు. 691 అంటే పేరో పాస్‌వర్డో ఒప్పుకోలేదు. జీవితమంతా ఫారాల నంబర్లతో గడిపిన గుమాస్తా బుద్ధికి ఇది హాయిగా ఉండేది. 680 వస్తే వైరు చూస్తాము, 676 వస్తే కాఫీ తాగి వస్తాము. ఇప్పటి యాప్‌లు ‘ఏదో పొరపాటు జరిగింది, మళ్ళీ ప్రయత్నించండి’ అంటాయి. ఏ పొరపాటు, ఎవరిది, ఎక్కడ?

రెండో సుగుణం లెక్క తాళా చూసుకోవడం. ఫైలు పంపడానికి ఎక్స్‌మోడెం అని ఒక పద్ధతి ఉండేది. 1977లో వార్డ్ క్రిస్టెన్సన్ అనే ఆయన రాసినాడు. ఫైలును 128 బైట్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్క చివర ఆ ముక్క మొత్తం కూడిక వేసి పంపుతుంది. అవతలివాడు తాను కూడి చూస్తాడు. సరిపోతే ‘అందింది’ అంటాడు, అప్పుడే తర్వాతి ముక్క. సరిపోకపోతే ‘మళ్ళీ పంపు’ అంటాడు. క్యాష్ బుక్కు పేజీ అడుగున మొత్తం వేసే పద్ధతే ఇది. క్యాష్ బుక్కులో ఉండే లోపమూ ఇందులో ఉంది. ఒక చోట పది ఎక్కువ, ఇంకో చోట పది తక్కువ పడితే మొత్తం సరిపోయినట్టే కనిపిస్తుంది. అందుకని తర్వాత ఇంకా గట్టి లెక్కలు తెచ్చినారు. 1986లో వచ్చిన జడ్‌మోడెం ఇంకో మేలు చేసింది. సగంలో లైను తెగితే, మళ్ళీ కలిపినప్పుడు తెగిన చోటి నుంచే అందుకుంటుంది. కాట్పాడి దాకా వచ్చిన బండిని తిరిగి జోలార్‌పేట నుంచి బయలుదేరమనదు.

చిన్న సౌకర్యాలు ఇంకా ఉన్నాయి. ఎంగేజ్ ఉంటే తానే పదిసార్లు తిరిగి డయలు చేసేది. లైను లేకుండానే ఉత్తరాలు తీరిగ్గా రాసి పెట్టుకొని, లైను కలిసినాక ఒక్కసారిగా పంపించే వీలుండేది. పంపడం, తెచ్చుకోవడం ముగియగానే తానే ఫోను పెట్టేయమని ఒక గడిలో టిక్కు పెట్టచ్చు. నిమిషాల లెక్కన బిల్లు కట్టే ఇంటికి ఆ ఒక్క టిక్కు ఎంత ఆదాయమో చెప్పలేము.

ఇక కష్టాల తట్ట. ఇంట్లో ఉన్నది ఒక్క ఫోను లైను. మోడెం మాట్లాడుతుంటే మనుషులు మాట్లాడలేరు. పక్క గదిలో ఎవరైనా తెలియక రిసీవర్ ఎత్తితే లైను తెగుతుంది. కరెంటు పోతే సరే సరి. డయల్‌టోన్‌ను మోడెం గుర్తు పట్టక మొండికేసే రోజులుండేవి. ‘డయల్‌టోన్ కోసం ఆగు’ అన్న గడిలో టిక్కు తీసేస్తే పని జరిగేది, కానీ ఆ గడి ఎక్కడుందో తెలిసినవాడు ఊళ్ళో ఒక్కడుండేవాడు. మొత్తం ఇంగ్లీషు. డేటా బిట్లు, పారిటీ, స్టాప్ బిట్లు, కాం పోర్టు. తమిళ మీడియంలో చదివి, తెలుగు ఇంట్లో పెద్దల దగ్గర నేర్చుకున్న మాలాంటివాళ్ళకు ఇవి మంత్రాలే. సాఫ్ట్‌వేర్ నిజం చెప్పేది, నిజమే. చెప్పిన నిజం అర్థం కావడానికి వేరే చదువు కావాల్సి వచ్చేది.

అక్షరాల గొడవ ఇంకొకటి. ఆ కాలపు ఉత్తరాల దారి చాలా చోట్ల ఏడు బిట్ల దారి. అందులో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, చుక్కలు మాత్రమే క్షేమంగా పోతాయి. తమిళం వాళ్ళు టిస్కీ అనే ఎనిమిది బిట్ల ఏర్పాటు చేసుకున్నారు. దారిలో ఎనిమిదో బిట్టు రాలిపోతే తమిళ అక్షరాలన్నీ పిచ్చి గీతలయ్యేవి. తెలుగువాళ్ళు ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాసుకున్నారు. అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయం వాళ్ళ పేరుతో దానికొక పద్ధతి కూడా ఉండేది. విండోస్‌లో తెలుగు లిపి కుదురుకున్నది 2001లో వచ్చిన ఎక్స్‌పీతోనే. అంతదాకా మా వాడు ‘అవ్వ ఎలా ఉంది చిన్నాయనా’ అని ఇంగ్లీషు అక్షరాలతోనే రాసేవాడు. చూడడానికి ముద్దుగా ఉండదు. అయినా ఒక మేలు జరిగింది. తెలుగు మాట్లాడడం వచ్చి, చదవడం రాని మన ఇళ్ళ పిలకాయలు ఆ ఉత్తరాలను గడగడా చదివి అవ్వకు వినిపించేవాళ్ళు. ఇరుకు దారి అందరినీ ఒకే గుమ్మంలోంచి నడిపించింది.

అన్నిటికన్నా పెద్ద కష్టం 2000 నవంబరు వానల్లో వచ్చింది. మా వాడు పుట్టిన బిడ్డ ఫోటో స్కాన్ చేసి పంపినాడు. చుట్టి కుదించని బీఎంపీ ఫైలు, ఒకటిన్నర ఎంబీ. ఉత్తరంలో కట్టేసరికి రెండు ఎంబీ అవుతుంది. 9,600 వేగంలో దానికి అరగంట పడుతుంది. వానకు లైను పావుగంట నిలవడమే గొప్ప. ఉత్తరాలు తెచ్చే ఆ ప్రోగ్రాముకు జడ్‌మోడెంకు ఉన్న తెలివి లేదు. తెగితే ఆ ఉత్తరం మళ్ళీ మొదటి నుంచి. ఒకదాని వెనక ఒకటి వరసలో వస్తాయి గనక, ముందున్నది దిగితే గాని వెనకది దిగదు. నాలుగు రాత్రులు అదే తంతు. నీలం గీత సగం దాకా పాకుతుంది, నో క్యారియర్.

ఆ ఫోటో వెనక ఇంకో ఉత్తరం నిలిచి ఉంది. నాలుగే వరసలు. అవ్వకు బాగాలేదని తెలిసి బిడ్డను తీసుకొని వస్తున్నాను, ఫలానా రాత్రి మీనంబాక్కంలో దిగుతాను, ఎవరైనా రండి అని. ఆ రాత్రి వాడు దిగి, మూడు నెలల బిడ్డతో భార్యాభర్తలు మూడు గంటలు కాచుకున్నారు. మా ఇంటికి ఫోను చేస్తే ఎంగేజ్. మళ్ళీ చేస్తే ఎంగేజ్. ఆ సమయంలో మా లైను మీద దిగుతున్నది వాడి బిడ్డ ఫోటోనే. తెల్లారి టాక్సీలో గడప దగ్గర దిగినాడు. అవ్వ బిడ్డను ఒళ్ళో పెట్టుకొని అన్నీ మరిచిపోయింది. వాడు మాత్రం ‘ఉత్తరం పంపినాను కదా చిన్నాయనా’ అని రెండుసార్లు అన్నాడు. పంపినాడు. అబద్ధం కాదు.

తర్వాత తెలిసింది ఏమంటే, ఆ ప్రోగ్రాములోనే దీనికి మందు ఉంది. టూల్స్ మెనూలో మెసేజ్ రూల్స్ లోపల, ఇంత బరువుకు మించిన ఉత్తరాన్ని దించవద్దు అని నియమం పెట్టచ్చు. మందు బీరువాలో ఉంది, బీరువా మీద పేరు మనకు చదవరాని భాషలో ఉంది.

ఇదీ తూకం. వేగం తక్కువ అన్నది పెద్ద కష్టం కాదు, ఉన్నంతలో సర్దుకోవచ్చు. ఆ సాఫ్ట్‌వేర్‌లో మెచ్చుకోవలసింది ‘అందింది’ అని అవతలివాడు చెప్పేదాకా పని ముగిసినట్టు లెక్క పెట్టకపోవడం. ఏ భాగంలో ఈ గుణం ఉందో అది మాకు మేలు చేసింది. ఏ భాగంలో లేదో అది మూడు గంటలు పసిబిడ్డను విమానాశ్రయంలో కూర్చోబెట్టింది.

ఇప్పుడు మన గ్రూపు చూడండి. విద్యార్థుల సహాయం నోటీసు 12 ఎంబీ పీడీఎఫ్‌గా పెడుతున్నాము. పేరణాంబట్టు కొండ దిగువ పల్లెల్లో సిగ్నలు ఎంతో అందరికీ తెలుసు. ‘రెండు టిక్కులు పడినాయి కదా’ అంటాము. ఆ టిక్కులు కవరు చేరిందని చెప్తాయి, కవరులో కాగితం తెరుచుకుందని కాదు. అదే నోటీసును మామూలు అక్షరాల్లో కొడితే, తెలుగులో అక్షరానికి మూడు బైట్ల లెక్కన వెయ్యి అక్షరాలకు 3 కేబీ. మా పాత మోడెం కూడా దాన్ని ఒక్క సెకనులో దించేది. పైగా అక్షరాలుగా ఉన్నదాన్ని పెద్దది చేసుకోవచ్చు, ఫోనుతోనే చదివించుకొని వినచ్చు. ఫోటో తీసిన కాగితానికి ఆ వీలు తక్కువ.

కాబట్టి వచ్చే కూటంలో మూడు మాటలు పెడుతున్నాము. ఒకటి, గడువు తేదీ ఉన్న ఏ నోటీసైనా అక్షరాల్లో కూడా రావాలి, పీడీఎఫ్ దాని వెనక రావచ్చు. రెండు, తెలుగు లిపి చదవలేని మనవాళ్ళ కోసం అదే విషయం తమిళ లిపిలోనూ, ఒక నిమిషం గొంతులోనూ ఉండాలి. మూడు, ఊరికొకరు ‘అందింది’ అని జవాబు పెట్టాలి. జవాబు రాని ఊరికి కార్యదర్శి ఫోను చేయాలి. ఫోను ఎంగేజ్ ఉంటే మళ్ళీ చేయాలి.

దీంట్లో ఎవరికైనా అభ్యంతరం ఉంటే కింద రాయండి. చదివినవాళ్ళు ‘అందింది’ అని ఒక్క మాట పెట్టండి, తాళా చూసుకుంటాము.