రోమ్, ఫ్లారెన్స్, వెనిస్: జంటగా చూడదగిన మూడు నగరాలు

ఇటలీకి మొదటిసారి వెళ్లే దంపతులకు రోమ్, ఫ్లారెన్స్, వెనిస్ అనువైన వరస. మూడింటినీ హైస్పీడ్ రైళ్లు కలుపుతాయి. రోమ్ నుంచి ఫ్లారెన్స్‌కు సుమారు గంటన్నర, అక్కడి నుంచి వెనిస్‌కు రెండు గంటల పైచిలుకు పడుతుంది.

రోమ్‌లో తీరిగ్గా చూడాల్సింది పాంథియన్. సుమారు 1,900 ఏళ్ల కిందట హేడ్రియన్ చక్రవర్తి కాలంలో పూర్తయిన ఈ కట్టడానికి 43 మీటర్ల వెడల్పు కాంక్రీటు గుమ్మటం ఉంది. అందులో ఇనుప చువ్వ ఒక్కటీ లేదు. నడినెత్తిన ఉన్న గుండ్రటి కంతలోంచి పడే ఎండ గోడల మీద మెల్లగా జరుగుతుంటుంది. వాన కురిస్తే నీళ్లు నేరుగా లోపలికే వస్తాయి. నేల కాస్త వాలుగా ఉండడంతో, పాలరాతిలో తొలిచిన చిన్న చిన్న రంధ్రాల గుండా అవి బయటికి పోతాయి.

ఫ్లారెన్స్‌లో బ్రూనెల్లెస్కీ కట్టిన కెథడ్రల్ గుమ్మటం 1436లో పూర్తయింది. పైకి 463 మెట్లు, లిఫ్టు లేదు. ఇద్దరిలో ఒకరికి మోకాళ్ల నొప్పులుంటే అకాడెమియా మ్యూజియం మేలు. అక్కడ మైకెలాంజెలో చెక్కిన డేవిడ్ శిల్పం ఎత్తు 5 మీటర్ల పైనే. దాని కుడిచేతి మీద ఉబ్బిన నరాలు కూడా స్పష్టంగా కనిపిస్తాయి.

వెనిస్ పాతనగరంలోకి కార్లు రావు. నడవాలి, లేదంటే వాపొరెట్టో అనే పడవ బస్సు ఎక్కాలి. 1వ నంబరు పడవ గ్రాండ్ కెనాల్ పొడవునా సాగుతుంది. పగటి సందర్శకులు సాయంత్రానికి వెళ్లిపోతారు కాబట్టి, ఒక రాత్రైనా అక్కడే బస చేయడం మంచిది.

మ్యూజియం, గుమ్మటం టిక్కెట్లు ముందే ఆన్‌లైన్‌లో తీసుకుంటే క్యూలో నిలబడే సమయం బాగా తగ్గుతుంది.