తేలిక పని

డాక్టరు చీటీ అందరికీ ఒక్క తీరుగ పనిచెయ్యదు.

నేను ప్రభుత్వ బడిలో సోషల్ చెప్తాను. నాకు టైఫాయిడ్ వచ్చి పదిహేను రోజులు మంచాన పడితే, డాక్టరు దగ్గర మెడికల్ సర్టిఫికెట్ తీసుకొని హెడ్మాస్టరుకు పంపిస్తే చాలు. ఏడాదికి 20 రోజుల సగం జీతం సెలవు నా లెక్కల జమయితది. జబ్బు కాగితం ఉంటే అసొంటి రెండు రోజులు కోసుకొని ఒక రోజుకు పూర్తి జీతమిస్తరు. తగ్గినంక ఫిట్‌నెస్ కాగితం ఇచ్చి మళ్ల పాఠం మొదలుపెడత. నా కుర్చీ నాకే ఉంటది. డాక్టరు చీటీ నాకు గొడుగు.

మా నాయినకు కూడా డాక్టరు ఒక చీటీ రాసిచ్చిండు. అందులో రెండే ముక్కలు. బరువులు ఎత్తరాదు. తేలికపాటి పని మాత్రమే చెయ్యాలె. ఆ రెండు ముక్కలు మా నాయిన ఇరవై అయిదేండ్ల కష్టాన్ని ఒక్క పూటల మింగినయి.

మాది సాగర్ ఎడమకాల్వ కింది ఊరు. కాల్వ వచ్చినంక వరి వచ్చింది. వరి వచ్చినంక రైసుమిల్లులు వచ్చినయి. మాదిగవాడకు భూమి రాలేదు గాని బస్తా వచ్చింది. డెబ్బై అయిదు కిలోల వడ్ల బస్తా. మా నాయిన దాన్ని వీపు మీద ఏసుకొని లారీకి ఆనిచ్చిన చెక్క మీది నుంచి ఎక్కుతుంటే చిన్నప్పుడు గొప్పగా చూసేవాణ్ణి. 2009 యాసంగి కోతలప్పుడు ఆ చెక్క జారింది. మనిషి కింద, బస్తా మీద.

మిల్లు యజమాని ఆటో కిరాయి ఇచ్చిండు. అంతే. హమాలీల పేర్లు మిల్లు బుక్కుల ఉండయి. మేస్త్రి మాట్లాడుకుంటడు, బస్తాకు ఇంత అని మేస్త్రి పంచుతడు. పనిలో దెబ్బ తగిలితే నష్టపరిహారం ఇయ్యాలనే చట్టం 1923లోనే వచ్చింది, మా నాయిన పుట్టక ముందే. గాని ఆ చట్టం ముంగట నిలబడాల్నంటే ఫలానా మనిషి ఫలానా మిల్లుల పనిచేసిండు అని ఎవరో ఒకరు చెప్పాలె. పక్కపొంటి బస్తా మోసినోళ్లు చెప్తే తెల్లారి వాళ్లకు బస్తా ఉండదు. ఎవ్వరూ చెప్పలేదు. మా నాయిన వాళ్లను అడగనూ లేదు.

మూడు నెలలు మంచం. లేచినంక సర్కారు దవాఖాన డాక్టరు ఎక్స్‌రే చూసి ఆ చీటీ రాసిండు. ఇంటికొచ్చి చదివి వినిపించిన. మా అమ్మ పొయ్యి ముంగట కూసొని ఒకటే మాట అడిగింది.

"తేలిక పని అంటే ఏం పని కొడుకా?"

నేను అప్పుడు బీఈడీ చేస్తున్న. ఆ ప్రశ్నకు నాకు జవాబు దొరకలేదు. మా వాడలో ఉన్న పనులన్నీ ఒక్కొక్కటే వేళ్ల మీద లెక్కపెట్టిన. బస్తాలు మోసుడు, మట్టి తవ్వుడు, నాట్లకు నారు మోసుడు, కోతలు, పెంట ఎత్తుడు, బాయి పూడిక తీసుడు, ఇటుక బట్టీ. ఒక్కదాంట్ల నడుము లేకుండ పని లేదు. మరి ఊర్లె తేలిక పని చేసేటోళ్లు ఎవరు? మిల్లుల కాంటా రాసేటాయన. ఎరువుల దుకాణంల కూసునేటాయన. కిరాణం కొట్టు, చాయ హోటలు నడిపేటోళ్లు. మా నాయినకు అక్షరం రాదు గనక కాంటా రాయలేడు. హోటలు పెట్టుకోవచ్చు గదా అని మా బీఈడీ కాలేజీ దోస్తు ఒకడు అన్నడు. మంచి పిల్లగాడే, పట్నంల పుట్టిండు. మా ఊరి హోటల్లో మాకు గ్లాసులు వేరే ఉండేవని వానికి తెల్వదు. మా నాయిన పోసిన చాయ ఊర్లె ఎవరు తాగుతరు?

అప్పుడు నాకు సమజయింది. బరువు లేని పనులు రెండే రకాలు. ఒకటి చదువు కావాల్సినవి, రెండు మన చేతిది ఎదుటోడు అందుకోవాల్సినవి. మొదటిది మా తాతలకు బడి దగ్గర బందయింది. రెండోది కులం దగ్గర బందయింది. మిగిలింది బరువు. అంబేడ్కర్ 1936లోనే కులనిర్మూలన రాసి, కులం పనులనే కాదు పనిచేసేటోళ్లనే అంతస్తులుగా విడదీసిందని తేల్చి చెప్పిండు. డిగ్రీల పరీక్ష కోసం చదివిన ఆ సంగతి మా నాయిన నడుముల కనపడ్డది.

తేలిక పని ఇస్తానని ఒకాయన కబురు పెట్టకపోలేదు. మా నాయిన ఎక్కువ ఏండ్లు వరికోతలకు పోయిన పటేలు. పొద్దున్నే పోయిండు మా నాయిన. కొట్టంల దూడ చచ్చి పడున్నది.

"బస్తా మోయొద్దన్నడట గదరా డాక్టరు. దీన్ని ఈడ్చి పారెయ్. తేలిక పనే."

మా నాయిన ఏమీ అనలేదట. తలగుడ్డ తీసి దులుపుకొని, భుజాన ఏసుకొని, ఇంటికొచ్చిండు. మా అమ్మ ఏమయిందని అడిగితే "ఆ పని మా నాయినతోనే పోయింది" అన్నడు. చెప్పు పని, చచ్చిన పశువు పని మా తాత చేసిండు. మిల్లు బస్తా ఎంత బరువైనా మా నాయినకు అది ఆ పని నుంచి తప్పించిన బస్తా. డాక్టరు చీటీ పట్టుకొని ఊరు ఆయనను మళ్ల అక్కడికే తోలాలని చూసింది.

ఇక మిగిలింది సర్కారు. అప్పటికి ఉపాధి హామీ వచ్చి నాలుగేండ్లు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలుపెట్టిన పథకం అది. 2005లో చేసిన ఆ చట్టంలో ఒక మంచి మాట ఉండేది. పని అడిగినోనికి 15 రోజులల్ల పని చూపియ్యాలె. చూపకపోతే నిరుద్యోగ భృతి ఇయ్యాలె. మొదటి 30 రోజులు కూలిల నాలుగో వంతు, ఆ తర్వాత సగం. కూలి 100 రూపాయలనుకుంటే రోజుకు 25 రూపాయలు. అది నేను పుస్తకంల చదివి, కాగితం మీద దరఖాస్తు రాసి, నాయినను తోల్కొని ఫీల్డ్ అసిస్టెంటు దగ్గరికి పోయిన.

ఆ పిల్లగాడు చీటీ చదివి తల ఊపిండు. "ఏందే, బరువులు ఎత్తొద్దని రాసిండ్రు గదా. నువ్వు గడ్డపార పట్టి రేపు పడిపోతే నా మీదికొస్తది. వికలాంగులకు వేరే సంఘం ఉంది, వాళ్లకు కొలతలు తక్కువ. దాంట్ల ఎక్కిస్త. సదరం సర్టిఫికెటు తీస్కరా."

"సర్టిఫికెటు వచ్చేదాక పని లేదని రాసియ్యి. భృతి అడుగుతం" అన్న నేను.

"భృతా?" అని నవ్విండు. "ఇంతవరకు ఈ మండలంల ఎవ్వనికి రాలే తమ్మీ."

దరఖాస్తు తీసుకున్నడు. తేదీ వేసిన రశీదు మాత్రం ఇయ్యలేదు. కిటుకంతా ఆ రశీదులనే ఉన్నది. 15 రోజులు ఎప్పటి నుంచి లెక్కపెట్టాలె? రశీదు మీది తేదీ నుంచి. రశీదే లేకపోతే పదిహేను రోజులు ఎన్నడూ మొదలుకావు. మొదలుకాని రోజులు ఎన్నడూ అయిపోవు. మనిషి పనిలేక కూసున్నడని వాడకంత తెలుసు, కాగితానికి తెల్వదు.

సదరం క్యాంపులు 2010లో మొదలయినయి. అవిటితనాన్ని కంప్యూటరుతోటి శాతాల లెక్క కట్టే పద్ధతి అది. నూటికి 40 వస్తే పింఛనుకు అర్హత. అప్పట్ల వికలాంగుల పింఛను నెలకు 500 రూపాయలు. క్యాంపు దినం చీకటితోనే పోయినం. దవాఖాన ఆవరణ నిండ మనుషులు. చక్రాల పీటల మీద, భార్యల వీపుల మీద, చంకకర్రల మీద. అన్నం మూటలు విప్పుకొని చెట్ల కింద కూసున్నరు. ఎక్కువ మంది మా తీరు వాడల నుంచి వచ్చినోళ్లే. చెయ్యి గానుగల పోయినోడు, కాలు బోరుబండి కింద పోయినోడు. తెలంగాణ పల్లెలల్ల ఏ పనికి ఏ అవయవం పోతదో ఆ చెట్ల కింద చూస్తే తెలిసిపోతది.

పొద్దుగూకే యాళ్లకు మా నంబరు పిలిచిండ్రు. డాక్టరు తల ఎత్తకుండానే అడిగిండు.

"ఏం పెద్దాయనా, వంగుతవా?"

మా నాయిన వంగిండు.

పండ్ల బిగువున వంగిండు. మోకాళ్ల దాక చేతులు ఆనిచ్చిండు. చెమటలు పోస్తున్నయి. "అయితది సారూ" అన్నడు.

"కాలు లేపు."

లేపిండు. "అయితది సారూ."

నేను పక్క నుంచి "సారూ, మంచం మీది నుంచి లేవాల్నంటే రెండు చేతులు పట్టి లేపుతం, రాత్రిళ్లు మూలుగుతడు" అని చెప్పిన. డాక్టరు నన్ను బయటికి పొమ్మన్నడు. ఆయన కొలిచేది వంగిన నడుమును, రాత్రి మూలుగును కాదు.

బయటికొచ్చినంక "గట్ల ఎందుకు చేసినవు నాయినా?" అని అడిగిన. మా నాయిన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగ అన్నడు. "కుర్చీల కూసున్నాయన అయితదా అని అడిగితే కాదు అని ఎన్నడన్న అన్ననా కొడుకా? నోరు రాలే."

ఆ మాట మీద నేను ఎన్నో ఏండ్లు ఆలోచించిన. కూలోనికి బతుకంత ఒకటే పరీక్ష. అయితదా అంటే అయితది అనాలె. జ్వరమున్నా దాచుకోవాలె, నొప్పి ఉన్నా దాచుకోవాలె. చేతకాదు అన్న దినం మేస్త్రి ఇంకోన్ని పిలుస్తడు. ఇటు సర్కారు పెట్టిన పరీక్ష దానికి తిరగేత. ఇక్కడ నొప్పి చూపెట్టినోనికే మార్కులు. పని అడిగే కాడ గట్టిమనిషి తీరు కనపడాలె, పింఛను అడిగే కాడ అవిటిమనిషి తీరు కనపడాలె. రెండు గుమ్మాలు, మనిషికి నడుము ఒకటే. అది పనికి చేతగానంత విరిగింది గాని, పింఛనుకు సరిపడేంత విరగలేదు.

32 శాతం వచ్చింది.

తక్కువ వచ్చిన ఎనిమిది మార్కుల సంగతి నేను టీచరుగా ఇయ్యాల ఇంకో తీరుగ చూస్త. ఆ 32 దేంట్ల? కీలు ఎంత తిరుగుతున్నది, కండ ఎంత పట్టు ఉన్నది అన్నదాంట్ల. ఆ నడుము తోటి ఆ మనిషి చేసే పని ఏంది, ఆ పని పోతే ఆయనకు ఇంకో పని దొరుకుతదా అన్నది ఆ కాయిదంల లేదు. అదే 32 శాతం నా నడుముకు వస్తే నేను కుర్చీల కూసొని పాఠం చెప్తా. నా జీతంల ఒక్క రూపాయి తగ్గదు. మా నాయినకు అది నూటికి నూరు. 2016లో వికలాంగుల హక్కుల చట్టం కొత్తగా వచ్చింది. 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలుంటే దాంట్ల 21 చేసిండ్రు. మంచిదే. 40 గీత మాత్రం అక్కడనే ఉన్నది.

ఆ తర్వాత రెండేండ్లు మా ఇంట్ల ఇద్దరం ఎదురుచూసినం. నా బీఈడీ అయిపోయింది, ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్చేంజి కార్డు పెట్టెల ఉన్నది. మళ్లీ క్యాంపు పెడతరని నాయిన, డీఎస్సీ వేస్తరని నేను. ఇద్దరి నడుమ మా అమ్మ. నాట్లు, కలుపు, పత్తి ఏరుడు, మిల్లు కాడ వడ్లు చెరుగుడు. రాత్రి కాళ్లకు కొబ్బరినూనె రాసుకుంట "మీ నాయిన నడుముకు శాతం ఉంది, నా మోకాళ్లకు లేదు" అని నవ్వేది. నిజమే. సర్కారు కొలిచింది ఒకరిని. ఆ బరువు ఎవరి మీద పడ్డదో కొలవలేదు.

2012 ఎండకాలంల రెండోసారి క్యాంపుకు పోయినం. ఈసారి మా నాయిన "కాదు సారూ" అన్నడు. ఆ మాట అనడానికి రెండేండ్లు పట్టింది. 41 శాతం వచ్చింది. సర్టిఫికెటు పట్టుకొని మండలాఫీసుకు పోతే, పాత పింఛన్లు ఖాళీ అయితేనే కొత్తయి అన్నరు. ఖాళీ అంటే ఎవరన్న సావాలె. మా నాయిన "అసొంటి దానికి నేను ఎదురుసూడను" అని చెట్టు కింద కూసున్నడు. దరఖాస్తు లోపల నేనే ఇచ్చొచ్చిన.

ఆ దరఖాస్తు మీద సంతకం పడకముందే 2012 డీఎస్సీలో నాకు ఉద్యోగమొచ్చింది. 2014 నవంబరుల ఆసరా పింఛన్లు వచ్చినయి, వికలాంగులకు 1500 చేసిండ్రు. సర్కారు నౌకరి చేసే కొడుకున్నోళ్లకు లేదన్నరు. ఆ మాటతోని మాకు తగాదా లేదు. నా జీతంల మా ఇల్లు గడుస్తది. గాని 2009 నుంచి నాకు నౌకరొచ్చేదాక నడిచిన కాలం సంగతేంది? మాకు డీఏ ఆలస్యమయితే బకాయి కట్టిస్తరు. పీఆర్సీ ఆలస్యమయితే సంఘాలు కొట్లాడుతయి. మా నాయిన ఎదురుచూసిన రోజులకు బకాయి లేదు. పని పోయిన దినం నుంచి మంజూరయ్యే దినం దాక పేదోడు ఏం తినాలె అన్నది ఏ జీవోల రాసిలేదు. ఆ నడిమి కాలాన్ని మా అమ్మ మోకాళ్లు మోసినయి.

పదో తరగతి పిల్లలకు ఆదేశిక సూత్రాలు చెప్పేటప్పుడు 41వ అధికరణం కాడ నేను ఆగుత. పని హక్కు గురించి, పని లేనప్పుడు, ముసలితనంల, జబ్బుల, అవిటితనంల సర్కారు ఆదుకోవాల్సిన సంగతి అందుల ఉన్నది. నిరుద్యోగం, అవిటితనం రెండూ ఒక్క వాక్యంలనే ఉన్నయి. ఆఫీసులల్ల అవి రెండు కిటికీలయినయి. దాంట్లనే తన స్తోమతను బట్టి అనే మాట కూడ ఉన్నది. 37వ అధికరణం ప్రకారం వీటి కోసం కోర్టుకు పోరాదని కూడ చెప్పాలె. పిల్లలు రాసుకుంటరు. వాళ్లల్ల సగం మంది అమ్మానాయినలు మొన్నటిదాక ఏదో ఒక కిటికీ ముంగట నిలబడ్డోళ్లే.

వాడల ఎవరు దరఖాస్తు రాయమని వచ్చినా నేను రెండు ప్రతులు రాస్త. రెండిటి మీద తేదీ ఏస్త. ఒకటి లోపల ఇచ్చి, రెండోదాని మీద "అందినది" అని ముద్ర ఏయించుకోనిదే కిటికీ కాడి నుంచి కదలొద్దని చెప్త. క్యాంపుకు పోయేటోళ్లకు ఇంకో మాట చెప్త. నొప్పి ఉన్న కాడ నొప్పి ఉన్నదని చెప్పుండ్రి, కుర్చీల ఎవరున్నా సరే. అయితది సారూ అనకుండ్రి. ఇది అబద్ధం నేర్పుడు కాదు. తరతరాల సంది మా నోటికి ఏసిన తాళం తీసుడు.

మొన్న మా వాడ నుంచి ఒకామె పోయొచ్చింది. ఇటుక బట్టీల భుజం పోయినామె. "సారు లేపు అన్నడు, లేవదు సారూ అన్న" అని చెప్పింది. శాతం ఎంతొచ్చిందో ఇంకా తెల్వదు. కాగితం మీద తేదీ మాత్రం ఉన్నది.