బీపీ బాగానే ఉంది

డెంగీ వార్డులో తరచుగా వినిపించే మాట ఇది. జ్వరం మొదలై ఐదో రోజు. ఒంటి వేడి తగ్గింది, ఇంటివాళ్లు తేలికపడ్డారు, ఇవాళో రేపో పంపించేస్తారని ఎదురుచూస్తున్నారు. కేసు షీటులో బీపీ 100/85 అని ఉంటుంది. పైన వంద ఉంది కదా, ఇంకేం భయం అనుకుంటారు. అందరి ధ్యాసా ప్లేట్‌లెట్ల మీదే. వాటి లెక్క కోసం పూటపూటకూ రక్తం తీయించేవాళ్లు, బొప్పాయి ఆకు రసం పట్టించేవాళ్లు కూడా బీపీలో కింది అంకె వంక చూడరు. ప్రమాదం బయటపడేది అక్కడే. రెండు అంకెల మధ్య తేడా 15. ఆ తేడా 20కి పడిపోయిందంటే డెంగీ షాక్ మొదలైనట్టేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. సన్నని రక్తనాళాల గోడల్లోంచి ప్లాస్మా కారిపోతోంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ ముందుకు నెట్టే రక్తం తగ్గింది. ఆ లోటును కప్పిపుచ్చడానికి శరీరం చిరుధమనులను బిగించేసింది. అందుకే కింది అంకె పైకి పాకింది. బీపీ నిలబడింది గానీ చేతులూ పాదాలూ చల్లబడ్డాయి.

బీపీని రక్తప్రవాహానికి మారుపేరుగా చదవడమే మనం చేసే పొరపాటు. గుండె నిమిషానికి పంపే రక్తాన్ని నాళాలు పెట్టే నిరోధంతో హెచ్చవేస్తే వచ్చేది బీపీ. నాలుగైదులు ఇరవై, రెండు పదులూ ఇరవయ్యే. ఇరవై అన్న జవాబు చూసి ఏ అంకెల్ని హెచ్చవేశారో చెప్పలేం. డెల్టా రైతుకు ఇది కొత్త సంగతేమీ కాదు. తూములన్నీ మూసేస్తే కాలువ నిండుగా కనిపిస్తుంది, శివారు పొలం మాత్రం నెర్రెలిస్తుంది. పైగా శరీరంలో తూములు తిప్పడం చాలా నాజూకైన వ్యవహారం. సన్నని గొట్టంలో పారే ద్రవం ఆ గొట్టం వ్యాసార్ధపు నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుందని ఫ్రెంచి వైద్యుడు ప్వాజోయ్ 1840లలో గాజు గొట్టాలతో కొలిచి చూపాడు. అంటే ఒత్తిడి మారకుండా నాళం అయిదో వంతు ముడుచుకుంటే చాలు, ప్రవాహం సగం కంటే తక్కువకు పడిపోతుంది. సగానికి ముడుచుకుంటే మిగిలేది పదహారో వంతు.

డెంగీ షాక్‌కు తలకిందులైన పరిస్థితి, ఇన్ఫెక్షన్ ముదిరి వచ్చే సెప్సిస్. అక్కడ నాళాలు వదులైపోతాయి, నిరోధం కూలిపోతుంది, బీపీ పడిపోతుంది. అలాంటప్పుడు నాళాలను బిగించి బీపీని పైకి లేపితే రోగి బాగుపడాలి కదా? ఈ ఆలోచనకు గట్టి పరీక్షే జరిగింది. నాళాలను సడలించే నైట్రిక్ ఆక్సైడ్ తయారీని అడ్డుకునే మందును సెప్టిక్ షాక్ రోగులకిచ్చి చూశారు. ఫలితాలు 2004లో వచ్చాయి. బీపీ చక్కగా పెరిగింది. 28 రోజుల్లో చనిపోయినవారు మాత్రం మందు పుచ్చుకున్నవారిలో 59 శాతం, పుచ్చుకోనివారిలో 49 శాతం. పరీక్షను మధ్యలోనే ఆపేశారు. మానిటర్ మీద అంకె సరిపోయింది, మనిషి దక్కలేదు. నాళాలను బిగించే నోరాడ్రినలిన్ లాంటి మందులు వాడవద్దని దీని అర్థం కాదు. సడలిన నాళానికి కాస్త బిగువు కావాలి. ఎంత బిగువన్నది బీపీని మాత్రమే చూసి తేల్చలేమన్నదే నా వాదన.

ఒత్తిడి లేకుండా ప్రవాహం ఎక్కడిదని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మెదడు, మూత్రపిండాలు తమకు కావలసిన రక్తాన్ని తామే సర్దుకుంటాయి గానీ, ఒత్తిడి ఒక హద్దు దాటి దిగితే వాటి చేతుల్లోనూ ఏమీ ఉండదు. ఏళ్ల తరబడి బీపీ ఉన్నవాళ్లలో ఆ హద్దు మరింత పైనుంటుంది. 2014లో ఫ్రాన్స్‌లో జరిగిన ఒక పరీక్షలో సెప్టిక్ షాక్ రోగులకు సగటు ఒత్తిడిని 65–70 బదులు 80–85 దగ్గర ఉంచితే మరణాలేమీ తగ్గలేదు. కానీ పాత బీపీ రోగుల్లో డయాలసిస్ అవసరం తగ్గింది. కాబట్టి ఒత్తిడికి ఒక అడుగు మట్టం ఉండాల్సిందే, ఒప్పుకుంటాను. అడుగు మట్టాన్నే గమ్యం అనుకోవడం దగ్గరే నా పేచీ.

ఇంకో అభ్యంతరం పల్లెల నుంచి వస్తుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉండేది బీపీ మిషనొక్కటే, ప్రవాహాన్ని దేనితో కొలవాలి? వేలితో. గోటిని గట్టిగా నొక్కి వదిలితే తెల్లబడిన చోట మూడు సెకన్లలో రంగు తిరిగి రావాలి. దక్షిణ అమెరికాలో 424 మంది సెప్టిక్ షాక్ రోగులపై జరిపి 2019లో ప్రచురించిన పరీక్షలో చికిత్సను ఒక గుంపుకు ఇలాగే వేలి కొనను నొక్కి వదిలితే రంగు తిరిగి వచ్చే వేగాన్ని బట్టి, రెండో గుంపుకు రక్తంలో లాక్టేట్ కొలతను బట్టి నడిపారు. వేలిని బట్టి చికిత్స పొందినవాళ్లలో మరణాలు 34.9 శాతం, రెండో గుంపులో 43.4. గణాంకాల ప్రకారం ఈ తేడా కచ్చితమని చెప్పలేం గానీ, పైసా ఖర్చులేని పద్ధతి ల్యాబు పరీక్ష కంటే వెనకబడలేదన్నదే పెద్ద విషయం. చలిగదిలో ఇది తప్పుదారి పట్టిస్తుంది. గోరింటాకు పెట్టుకున్న గోళ్ల మీద ఏమీ కనపడదు, అప్పుడు రొమ్ము ఎముక మీద నొక్కి చూడాలి. దీనికి తోడు గంటకు కిలో బరువుకు అర మిల్లీలీటరు మూత్రం వస్తోందా, పాదం వెచ్చగా ఉందా, పై కింది అంకెల తేడా ఎంత అన్నవి చేరితే చాలు. కేసు షీటులో బీపీ గడి పక్కన వీటికి మరో గడి గీయడానికి స్కేలూ పెన్సిలూ సరిపోతాయి.