చెయ్యి గుర్తొచ్చిన ఏడాది

2024 జనవరి 16, కనుమ

తెల్లారేసరికి మంచు దట్టంగా కమ్మేసింది. కాపు కొన్న వ్యాపారి పండగని కూడా చూడకుండా తోటకొచ్చాడు. బంగినపల్లి పూతగెల ఒకటి వంచి అరచేతి మీద తట్టాడు. నల్లగా, నలుసుల్లా పురుగులు రాలాయి. "మందు కొట్టించాలండీ" అని ముఖం ముడుచుకున్నాడు.

డాలస్ నుంచి అన్నయ్యగారబ్బాయి ఫోను. "బాబాయ్, అయోవా రిపబ్లికన్ పోటీలో ట్రంప్‌కి 51 శాతం. డిశాంటిస్‌కి 21, హేలీకి 19." వాడికి అక్కడ ఓటు లేదు. ఓటు లేనివాళ్లకే హడావుడి ఎక్కువ. మిగతావాళ్లంతా ఏకమైతే దిగిపోయిన నాయకుణ్ని ఆపలేరా అంటాడు. 21, 19 కలిపినా నలభయ్యేగా! అయినా ఇది కూడికల లెక్క కాదు. పోయిన ఆగస్టులో మిల్వాకీ చర్చలో, నేరం రుజువైనా ట్రంప్‌నే బలపరుస్తారా అని అడిగితే ఎనిమిదిమంది అభ్యర్థుల్లో ఆరుగురు చేతులెత్తారు. మరి వీళ్లకి ఓటెందుకెయ్యాలి?

జనవరి 18

ఎన్టీఆర్ వర్ధంతి. ఫొటోకి దండలు, మైకులో పాటలు. దండలేసిన వాళ్లలో ఎవరూ 1995 ఆగస్టు ఊసెత్తరు.

సొంత పార్టీలో పెద్దాయన్ని దింపడమంటే మనకి ఎమ్మెల్యేల్ని ఉంచిన వైస్రాయ్ హోటలే గుర్తొస్తుంది. 1994 డిసెంబరులో 216 సీట్లతో గెలిచిన మనిషి ఏడాది తిరక్కుండానే కుర్చీ దిగాడు. సెప్టెంబరు 1న చంద్రబాబు ప్రమాణం చేశాడు. అందులో ఒక తెలివుంది: పోరు ఎన్టీఆర్ మీద కాదు, ఆయన భార్య లక్ష్మీపార్వతి పెత్తనం మీద అన్నారు. పైగా లెక్కపెట్టింది ఎమ్మెల్యేల తలకాయలు. జనాన్ని ఎవరూ అడగలేదు. అమెరికా ప్రైమరీలో ఆ వీలు లేదు, హోటలు గదుల్లో తేలదు.

జనవరి 22

టీవీలో అయోధ్య తప్ప మరోటి లేదు. ఆ సందట్లో డిశాంటిస్ తప్పుకున్న వార్త ఎవరికీ పట్టలేదు. పోతూ పోతూ ట్రంప్‌కే జై కొట్టాడట.

మావాడికి చెప్పాల్సింది 1978 కథ. అంతకు ముందేడు దేశమంతా కాంగ్రెస్ కొట్టుకుపోతే మన రాష్ట్రంలో 42కి 41 సీట్లు గెలిచింది. కానీ ఇందిర రాయబరేలీలోనే ఓడింది, ఇక ఆమె పనైపోయిందనుకున్నారు పార్టీ పెద్దలు. అధ్యక్షుడు మన కాసు బ్రహ్మానందరెడ్డి, ముఖ్యమంత్రి జలగం వెంగళరావు. 1978 జనవరి మొదట్లో ఆమెని బహిష్కరించారు. ఇక్కడి ప్రభుత్వం వీళ్ల చేతిలోనే ఉంది. ఆవూ దూడా గుర్తు ఆమెకి దక్కలేదు. కొత్త గుర్తు ఎంచుకునేటప్పుడు ఆమె బెజవాడలో ఉందనీ, ఏనుగు, సైకిలు, చెయ్యి చూపిస్తే చెయ్యి తీసుకుందనీ చెప్పుకుంటారు. సైకిలు తీసుకునుంటే ఎన్టీఆర్ దేనిమీద తిరిగేవాడో!

ఆ ఏడాది అసెంబ్లీ ఎన్నికే నాకు ఓటొచ్చిన మొదటి ఎన్నిక. అప్పట్లో ఇరవై ఒకటి నిండితేగానీ ఓటు లేదు. నాన్న తోటలో కూలీలకి కొత్త గుర్తు గురించి చెప్పబోతే ఒకావిడ అరచెయ్యెత్తి చూపించి, "ఇందిరమ్మదేగా అయ్యా, మాకు తెలవదా?" అంది. ఇందిర కొత్త పార్టీకి 294లో 175 సీట్లు. జనతాకి 60. కుర్చీలో ఉన్న కాంగ్రెస్‌కి 30! మార్చి 6న చెన్నారెడ్డి ముఖ్యమంత్రయ్యాడు.

ఇందిర మీద చెప్పాల్సిన మాటే లేకపోలేదు. ఎమర్జెన్సీ ఉంది. కానీ ఇక్కడ దాన్ని నడిపిన వెంగళరావుకి ఆ మాట అనడానికి నోరెలా వస్తుంది? అమెరికాలోనూ అంతే. డిశాంటిస్ 2018లో గవర్నరుగా గెలిచింది ట్రంప్ మద్దతుతో. హేలీ ఆయన పంపితే ఐక్యరాజ్యసమితికి వెళ్లిన రాయబారి. ఒకరికి పదవి, ఒకరికి హోదా ఇచ్చినవాణ్ని ఇప్పుడు పనికిరాడంటే, నిన్నటిదాకా ఎలా పనికొచ్చాడని ఓటరు అడుగుతాడు. మరో అభ్యర్థి క్రిస్టీ కుండబద్దలు కొట్టినట్టు మాట్లాడాడు గానీ, ఆయనా ఒకప్పుడు ట్రంప్ వెంట నడిచినవాడే. అయోవాదాకా కూడా నిలవలేదు.

మార్చి 7

హేలీ కూడా తప్పుకుంది. చివర్లో గట్టిగానే మాట్లాడింది, కానీ తను గవర్నరుగా చేసిన సౌత్ కరోలినాలోనే ఓడిపోయింది. గెలిచింది వాషింగ్టన్ డీసీ, వెర్మాంట్. నిన్న ట్రంప్‌కి మద్దతు మాత్రం ప్రకటించలేదట. "ఈవిడ మాట మీద నిలబడుతుంది బాబాయ్" అన్నాడు మావాడు. బ్రహ్మానందరెడ్డి సంగతి చెప్పాను: ఇందిరని వెళ్లగొట్టిన మనిషి మళ్లీ ఆ గూటికే చేరి, 1988లో మహారాష్ట్ర గవర్నరయ్యాడు. వెంగళరావు రాజీవ్ దగ్గర పరిశ్రమల మంత్రి.

"ఇది అమెరికా బాబాయ్" అన్నాడు వాడు. చూద్దాం అన్నాను.