సిరా కూడా కంటిదే

సంగారెడ్డి జిల్లా కందిలో హైదరాబాద్ ఐఐటీ ఉంది. అక్కడి బయోమెడికల్ ఇంజినీరింగ్ విభాగంలో కంటి ముందుండే పారదర్శక పొర కార్నియాను ముద్రిస్తున్నారంటే చూడటానికి వెళ్లాను. ఈ ఐఐటీ, బంజారాహిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి, హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ కలిసి త్రీడీ ముద్రణతో మానవ కార్నియాను తయారుచేసి కుందేలు కంట్లో అమర్చినట్లు 2022 ఆగస్టులో ప్రకటించాయి.

చెప్పులు బయట విడిచి, గౌను వేసుకుని లోపలికి నడిచాను. ప్రింటరనగానే కాగితాలు, చప్పుడు ఊహించుకున్నాను. ఉన్నది గాజు తలుపుల వెనక ఒక సిరంజి. గోరింటాకు కోన్ నుంచి జారినట్టు సన్నని జెల్ దారం సూది నుంచి దిగుతూ, కంప్యూటర్ గీసిన దారిలో పొర మీద పొరగా పేరుకుంటోంది. ఈ జెల్ చల్లగా ఉన్నప్పుడు ద్రవంలా కదులుతుంది, 37 డిగ్రీల ఒంటి వేడి తగిలితే గట్టిపడుతుంది.

గుండె, కాలేయం ఉండగా ముందు కార్నియానే ఎందుకు? దానికి రక్తనాళాలు లేవు. మందపాటి అవయవంలో ప్రతి కణానికీ దగ్గరగా ఒక నాళం ఉండాలి, లేకపోతే లోపలి కణాలు ఊపిరాడక చచ్చిపోతాయి. ఆ నాళాల అల్లికను ముద్రించడమే ఇప్పటికీ పెద్ద చిక్కు. కార్నియా మందం మధ్యలో అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. కన్నీటి పొర గుండా గాలిలోని ఆక్సిజన్‌ను తీసుకుంటుంది. అలాగని ఇది తేలిక పని కాదు. కొల్లాజెన్ పోగులు క్రమం తప్పితే పొర మసకబారుతుంది. చూపునివ్వని కార్నియా ఉండీ లేనట్టే.

నన్ను ఆపేసిన సంగతి సిరాది. ఈ ప్రింటరుకు సిరా ఆ జెలే, దాన్ని రసాయనాలతో వండలేదు. దానంగా వచ్చినా మార్పిడికి పనికిరాని కార్నియాల్లోంచి కణాలన్నీ కడిగేసి, మిగిలిన కొల్లాజెన్ చట్రాన్ని కరిగించి జెల్ చేస్తారు. అందులో మనిషి కంటి నుంచే తీసిన మూలకణాలు కలుపుతారు. జంతు పదార్థమేదీ ఉండదు. పాత కణాలు పోవడంతో శరీరం తిరస్కరించే ముప్పు కూడా తగ్గుతుంది.

అంటే యంత్రం వచ్చిందని నేత్రదానం అక్కర్లేకుండా పోదు. అమర్చడానికి పనికిరాదని పక్కన పెట్టే కన్నుకు కూడా అది ఒక పని కల్పిస్తోంది. ఈ కార్నియా కుందేలు నుంచి మనిషి దాకా రావాలంటే ఇంకా పరీక్షలు, అనుమతులు దాటాలి. అప్పటిదాకా కార్నియా దెబ్బతిని చూపు పోయినవారికి ఆధారం దాతలే.

ఇంట్లో ఎవరైనా కన్నుమూస్తే ఆరు గంటల్లోపు దగ్గర్లోని నేత్రనిధికి ఫోన్ చేయండి. ఈలోపు రెప్పలు మూసి తడి దూది పెట్టండి, ఫ్యాను ఆపండి, తల కింద దిండు ఉంచండి. కళ్లద్దాలు, షుగరు, శుక్లాల ఆపరేషన్ దానానికి అడ్డు కావు. మీ మనసులో నేత్రదానం చేయాలన్న కోరిక ఉంటే ఇవాళే ఇంట్లోవాళ్లకు చెప్పి ఉంచండి. ఆ ఫోన్ చేయాల్సింది వాళ్లే.